దుమ్ము సూది

"మేడం, పదకొండో నంబరు అన్నం మింగలేకపోతోంది."

డాక్టర్ వకుళ ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని చేతి తొడుగులు విప్పుతోంది. అవతల మాట్లాడుతున్నది మార్కాపురంలోని ఒక మిషన్ ఆసుపత్రి నుంచి సందాని. వయసులో చిన్నవాడే గానీ ఊరికే కంగారుపడే డాక్టరు కాదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల పైనే అంట. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. ముందు చారన్నం, తర్వాత మజ్జిగన్నం, ఆ తర్వాత ఉత్త మజ్జిగ. అట్ట నెట్టుకొచ్చింది. తొమ్మిది కిలోలు తగ్గింది."

"గొంతులో ఇన్ఫెక్షనేమో."

"నేనూ అదే అనుకున్నా మేడం. ఇవాళ పొద్దున కెమెరా గొట్టం వేసి చూశా. ఆహారనాళం లోపలంతా తెల్లగా ఉంది. తెల్లగా, గట్టిగా. చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళ మడమలు చూశారుగా, అట్ట ఉంది."

వకుళ తొడుగుల్ని చెత్తబుట్టలోకి విసిరింది. ఒకటి బయట పడింది. వంగి తీయాలనిపించలేదు.

"ఊపిరి ఎలా ఉంది?"

"అదే విచిత్రం. ఏడాది కింద గడప దాటలేని మనిషి, నిన్న మూడంతస్తులు మెట్లెక్కి వచ్చింది. లిఫ్టుందమ్మా అంటే వినలేదు."

"బయల్దేరుతున్నాను."

తలుపు తీసేసరికి ఎదురుగా యేసోబు ఉన్నాడు. వకుళ పనిచేసే పరిశోధనా కేంద్రంలో ఎలుకల గది చూసుకునే అటెండరు. ఇరవై రెండేళ్ళ సర్వీసు, ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. చేతిలో అప్పుడే కడిగిన బోను నుంచి నీళ్ళు కారుతున్నాయి. విన్నాడని మొహం చూస్తేనే తెలుస్తోంది.

పదకొండో నంబరు అతని కూతురు రూతమ్మ.

"జీపు తీయమని చెప్పనా మేడం," అన్నాడు.

* * *

ఒంగోలు నుంచి మార్కాపురం రెండున్నర గంటల దారి.

వకుళ మొదటిసారి ఈ దారిన వచ్చింది ఏడాది కిందట. పలకల గనుల పక్కన రేకుల షెడ్డు కింద నలభై మందిని కూర్చోబెట్టి మాట్లాడింది. రాయిని కోసి, పొరలుగా చీల్చి, అంచులు అరగదీసే పని వాళ్ళది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి చేరితే ఇక బయటకు రాదు. అక్కడే ఉండి చుట్టూ ఉన్న కణాల్ని సన్నగా, ఆగకుండా కాలుస్తుంది. ముప్పై దాటితే దగ్గు. ఆ తర్వాత ఆయాసం. రూతమ్మ మొగుడు ఇస్సాకు ముప్పై ఎనిమిదో ఏట పోయాడు.

"మీ ఒంట్లో ప్రతి కణంలోనూ ఓ గది ఉంది," అని చెప్పింది ఆ రోజు. "ఆ గదిలో రెండొందల బీరువాలు. మంటలార్పే సామానంతా వాటిలోనే. అన్నిటికీ తాళం ఒకటే రకం. ఆ తాళం మీద చెయ్యి వేయగల వాళ్ళు ముగ్గురు. ముగ్గురూ చుట్టాలే. అన్న, తమ్ముడు, వాళ్ళ మేనత్త కొడుకు. మంట లేచినప్పుడు బీరువాలు తెరిచేది తమ్ముడు. అన్నకీ తెరవడం వచ్చు గానీ, కణంలో చెత్త ఊడ్పించే పనిలో ఎక్కువ ఉంటాడు. మేనత్త కొడుకేమో వచ్చి బీరువాకి వీపు ఆనించి కూర్చుంటాడు. ఎవర్నీ తెరవనివ్వడు."

"మరి మా ఊపిరి కాలిపోతంటే ఆ తమ్ముడు యాడికి పోయాడమ్మా?" అని అడిగాడు వెనక నుంచి ఎవరో.

"వాడికో కాపలావాడున్నాడు. పుట్టిన ఇరవై నిమిషాలకే వాణ్ణి పట్టుకుని చంపేస్తుంటాడు. పెద్ద మంట లేస్తేనే పట్టు వదులుతాడు. మీది చిన్న మంట, ఆరని మంట. దానికి పట్టు సరిగ్గా వదలడు. మా సూది ఆ కాపలావాణ్ణి నిద్రపుచ్చుతుంది. ఒక్కసారి వేస్తే చాలు, ఇక లేవడు."

"అచ్చం మా అత్తే," అంది ముందు వరసలో రూతమ్మ. "ఆయన గడప దాటబోతే చాలు, చొక్కా పట్టుకునేది."

షెడ్డంతా నవ్వింది. రూతమ్మ కూడా నవ్వబోయి దగ్గులో పడింది. ఆ దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. తగ్గాక మొదటి సంతకం ఆమే పెట్టింది.

ఫైళ్ళలో ఆ మందుకు పొడుగాటి పేరుంది. దాన్ని దుమ్ము సూది అన్నది గనుల వాళ్ళే. చివరికి ల్యాబులో కూడా అదే పేరు స్థిరపడింది.

"మేడం," అన్నాడు యేసోబు, కిటికీలోంచి బయటికి చూస్తూ. "మన ఎలకలకి ఇట్ట గాలేదుగా."

"కాలేదు."

"ఒక్కదాని బరువు గూడా తగ్గలా."

"తగ్గలేదు యేసోబూ. పదిహేడు నెలలు. గీత గీసినట్టుంది."

అతను తలూపాడు. ఆ తర్వాత దారంతా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. తండ్రి కదా, భయపడుతున్నాడనుకుంది వకుళ.

* * *

రూతమ్మ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ముప్పై నాలుగేళ్ళు. దవడలు లోపలికి పోయాయి. కళ్ళు మాత్రం చురుగ్గా తిరుగుతున్నాయి.

"ఏంది నాయనా, మేడంని గూడా లాక్కొచ్చావా? ఎలకల్ని ఎవరికి అప్పజెప్పావు?"

"ఉండార్లే, చూసేవాళ్ళు."

"నాకంటే అయ్యే నయం మేడం ఈయనకి. చిన్నప్పుడు నాకు జొరమొస్తే సెలవు పెట్టలా. ఎలక ఈనిందని రెండ్రోజులు ఆడే ఉండాడు."

యేసోబు నవ్వలేదు. కూతురి మెడ దగ్గర ఎముకల్నే చూస్తున్నాడు.

"నీళ్ళు దిగుతున్నాయా?" అడిగింది వకుళ, ఆమె చెయ్యి తిప్పి చూస్తూ. అరచేతి చర్మం కూడా మందమైంది.

"దిగుతన్నాయి. రేషన్ షాపులో లెక్కన ఒక్కొక్క గుక్కా వరసలో నిలబడి దిగతా ఉండాయి."

"నెల నుంచి ఎందుకు చెప్పలేదు?"

రూతమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "చెప్తే ఇచ్చిన ఊపిరి మళ్ళా లాగేసుకుంటారని."

బయట వరండాలో సందాని కెమెరా తీసిన బొమ్మలు చూపించాడు. వకుళ ఒక్కొక్కటీ చూసింది. చూడాల్సింది మొదటి బొమ్మలోనే ఉంది. అయినా అన్నీ చూసింది.

"సూది వేయించుకున్నవాళ్ళలో చుట్టుపక్కల ఉన్న పదిహేను మందిని పిలిపించా మేడం. తొమ్మిది మందికి మొదలైంది. ముద్ద పెద్దదైతే కాస్త పట్టేస్తోంది, అంతే. వాళ్ళకింకా ఏమీ చెప్పలా. ఈమెకే ముదిరింది."

"ఎంత టైముంది?"

"ఇట్టాగే పోతే ఇంకో ఎనిమిది వారాలు. ఆ తర్వాత నీళ్ళు కూడా పోవు."

* * *

మర్నాడు పొద్దున్నే వకుళ మొదటి బ్యాచ్ ఎలుకల్లో మిగిలిన ముసలివాటిని లెక్క చూసింది. పన్నెండున్నాయి. ఒకదాన్ని మత్తిచ్చి కోసింది.

ఈ పదిహేడు నెలల్లో ఆ ల్యాబులో నాలుగొందల ఎలుకల ఊపిరితిత్తుల్ని కోసి చూశారు. కాలేయం చూశారు. రక్తం వారం వారం చూశారు. ఆహారనాళం చూడమని ఎవరూ అడగలేదు. ఎవరికీ తట్టలేదు. దుమ్ము అక్కడికి పోదు కదా.

కత్తెర మొన కింద అది తెల్లగా, బిరుసుగా, చిక్కుడు ఈనెలా ఉంది. లోపలి దారిలో సూది మాత్రమే పడుతుంది.

ఊపిరితిత్తుల్లో మంటలార్పిన తమ్ముడు ఇక్కడ మంట లేకపోయినా బీరువాలు తెరిచి కూర్చున్నాడు. తెరిచిన వాటిలో చర్మాన్ని గట్టిపరిచే సామాను కూడా ఉంది. అది అర్థం కావడానికి వకుళకు పది నిమిషాలు పట్టింది. అర్థంకానిది ఒకటే. ఇంత ఇరుకు గొంతుతో ఈ ఎలుకలు గట్టి గుళికలు తిని పదిహేడు నెలలు ఎలా బతికాయి? బరువు గీత గీసినట్టు ఎలా నిలిచింది?

ఎలుకల గదిలో యేసోబు నేల తుడుస్తున్నాడు.

"వీటికి ఏం పెట్టావు యేసోబూ?"

అతను తుడుపు కర్రని గోడకి ఆనించాడు. నిన్నటి నుంచి ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాడు.

"నానబెట్టి పెట్టా మేడం."

"ఏంటి నానబెట్టావు?"

"గుళికలు. సూది ఏసిన రెండో నెల నుంచి కొరికి వదిలేస్తన్నాయి. కింద అంతా పొడే. ఆకలి ఉండాది, మింగటం ల్యా. చూడలేకపోయినా. ఇంటికాడి నుంచి గంజి తెచ్చి, దాంట్లో నానేసి, మెత్తగా పిసికి పెట్టా. తిన్నాయి."

"ఎన్నిటికి?"

"సూది ఏసినయ్యన్నిటికీ."

"రిజిస్టర్లో ఎందుకు రాయలేదు?"

"ఎన్ని గ్రాములు పెట్టావు, ఎన్ని మిగిలినయ్యి. ఆ రెండే గదా అడిగేది. రెండూ సరిగ్గానే రాశా. మీరే అన్నారు గదా మేడం."

"నేనేమన్నాను?"

"బరువు తగ్గకుండా చూసుకో యేసోబూ అన్నారు."

వకుళ స్టూలు లాక్కుని కూర్చుంది.

గుర్తుంది. ఫిబ్రవరి. మనుషులకు సూది వేయడానికి అనుమతిచ్చే కమిటీ వాళ్ళు నాలుగు రోజుల్లో చూడ్డానికి వస్తున్నారు. ఆమె మూడు రోజులుగా సరిగ్గా నిద్రపోలేదు. పొద్దున్నే ఈ గదిలోకి వచ్చింది. సింకు పక్కన ఎనామిల్ గిన్నె, దాంట్లో ఏదో నానుతోంది. పులిసిన వాసన. రెండు ఎలుకలు రెండేసి గ్రాములు తగ్గాయని కాగితంలో ఉంది. గిన్నె వంక చూసింది. అదేమిటని అడిగితే ఇంకో గంట పడుతుంది. అడగలేదు. ఆ ఒక్క మాట అనేసి వెళ్ళిపోయింది. అలా అనడంలో తన ఉద్దేశమేమిటో ఇప్పుడు ఎంత వెతికినా ఆమెకు దొరకడంలేదు. బరువు గీత తిన్నగా ఉండాలి, అంతే.

"నేను పెట్టకపోయుంటే ఏమయ్యేది మేడం?"

"చచ్చిపోయేవి."

"చస్తే?"

"అప్పుడు తెలిసేది మనకి."

యేసోబు తుడిచిన తడి నేల మీదే చతికిలబడ్డాడు. "అయితే నా బిడ్డకి..." అని ఆగిపోయాడు.

"ఆ గిన్నె నేను చూశాను యేసోబూ."

అతనికి ఆ మాట చేరినట్టు లేదు. రెండోసారి చెప్పే ఓపిక ఆమెకు లేకపోయింది.

* * *

"అటెండరు నియమం తప్పాడు," అన్నాడు డైరెక్టర్ పద్మనాభం. "అదే రాయండి. ఒక్క వాక్యం. కేంద్రం నిలబడుతుంది."

"నేను చూసి ఊరుకున్నాను సార్. అది రెండో వాక్యం."

"మిమ్మల్నెవరూ అడగలేదు కదా."

"ఎవరూ ఎవర్నీ అడక్కపోవడం వల్లే ఇక్కడిదాకా వచ్చింది."

ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. చెడ్డవాడు కాదు. ఆయనా అలసిపోయాడు. "నివేదిక తర్వాత చూద్దాం. ముందు విరుగుడు సంగతి చూడండి."

విరుగుడు కోసం కాపలావాణ్ణి లేపడం కుదరదు. దుమ్ము సూది అతన్ని శాశ్వతంగా తీసేసింది. మిగిలింది మేనత్త కొడుకు. అతన్ని బీరువాల ముందు కదలకుండా కూర్చోబెట్టే మందు ఒకటి ల్యాబులో ఉంది. ఎలుకలకు వేసి చూశారు. పదో రోజుకి గొంతులోని తెల్ల పొర ఊడిపోయింది. ఎలుకలు పొడి గుళికల్ని పటపటా కొరికి మింగుతుంటే ల్యాబులో ఒకమ్మాయి చప్పట్లు కొట్టింది.

ఆ అమ్మాయి తొందరపడింది. దుమ్ము పీల్పించి సూది వేసిన ఎలుకలు వేరే బోనుల్లో ఉన్నాయి. వాటికి అదే మందు వేసిన నాలుగో రోజు నుంచి చావడం మొదలైంది. పదింటిలో ఆరు పోయాయి.

ఎందుకో తేలడానికి వకుళకు మూడు వారాలు పట్టింది. ఇన్నాళ్ళూ తమ్ముడే అంతా చూసుకుంటుంటే అన్న పని మానేసి మూలన పడున్నాడు. ఇప్పుడు తమ్ముణ్ణి మేనత్త కొడుకు అడ్డుకునేసరికి ఊపిరితిత్తుల్లో మంటలార్పడానికి ఒక్కడూ లేడు.

అయితే ముందు అన్నను లేపాలి. కణంలో చెత్త ఊడ్చే యంత్రాన్ని కొద్దిగా అడ్డుకుంటే చెత్త పేరుకుంటుంది. చెత్త పేరుకుంటే అన్న లేస్తాడు, మేనత్త కొడుకు అడ్డున్నా బలంగా తోసి కొన్ని బీరువాలైనా తెరుస్తాడు. కేన్సర్ వార్డుల్లో వాడే పాత మందొకటి సరిగ్గా ఆ పనే చేస్తుంది. ఐదు రోజులు దాన్ని చిన్న మోతాదులో ఇచ్చి, ఆరో రోజు రెండో మందు ఇచ్చారు. ఈసారి పదింటిలో తొమ్మిది బతికాయి. గొంతు తెరుచుకుంది. ఊపిరి మాత్రం సూదికి ముందున్న చోటికి పడిపోయింది. నిజం చెప్పాలంటే ఇంకొంచెం కిందికే.

ఆ రోజుల్లో ఒక పొద్దున వకుళ ఇంట్లో ఇడ్లీ ముందు కూర్చుని ఉంటే భర్త మురహరి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. జూనియర్ కాలేజీలో లెక్కల మాస్టారు. గమనించే అలవాటు ఎక్కువ.

"నెల్లాళ్ళుగా చూస్తున్నా. నువ్వు తినడం లేదు. ఎన్నిసార్లు నమిలావో లెక్కబెడుతున్నావు."

"ఇది గొంతు దిగడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. తెలుసా?"

"తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు. చల్లారిపోతోంది, తిను."

తినలేకపోయింది. అతను ప్లేటు తీసుకెళ్ళాడు.

* * *

కమిటీ ఒక్కరికే అనుమతిచ్చింది. మొదటి మోతాదు పదకొండో నంబరుకే వేయాలి. కారణం కూడా రాశారు: ఆమెకు పోగొట్టుకునేదేమీ లేదు. ఆమె తట్టుకుంటేనే మిగతా ముప్పై తొమ్మిది మంది సంగతి ఆలోచిస్తారు.

"ఒప్పించండి," అన్నాడు పద్మనాభం. "మీ మాట వింటుంది."

వింటుందని వకుళకు తెలుసు. జీపులో మార్కాపురం చేరేదాకా ఆమెను కుంగదీసింది అదే.

రూతమ్మ చేతికి సెలైన్ ఉంది. ఇంకా సన్నబడింది. గుక్క నీళ్ళు తాగడానికి ఇప్పుడు పక్కన గిన్నె పెట్టుకోవాలి, సగం బయటకే వస్తాయి. వకుళ ఏమీ దాచలేదు. ఎలుకల గొంతులు, గంజి, ఫిబ్రవరి నాటి గిన్నె, తను అన్న మాట. చెప్తున్నంతసేపూ యేసోబు గోడకున్న క్యాలెండర్ వంక చూస్తూ నిలబడ్డాడు.

"ఎలకలకి పిసికి పెట్టావా నాయనా?" అంది రూతమ్మ. "నాకెప్పుడన్నా పెట్టావా?"

"పెట్టా. మీ అమ్మ పోయినప్పుడు. నీకు గుర్తులా."

రూతమ్మ వకుళ వైపు తిరిగింది.

"సరే మేడం. మందు ఏసుకుంటే?"

"గొంతు బాగవుతుంది. తినగలవు. ఊపిరి మళ్ళీ పాతదే. ఇంకొంచెం తక్కువే అనుకో."

"ఎన్నేళ్ళు?"

"నీ ఎక్స్‌రేలు చూస్తే రెండేళ్ళు. మూడేమో."

"ఏసుకోకపోతే?"

"పొట్టకి చిన్న రంధ్రం చేసి ట్యూబు వేస్తారు. తిండి దాంట్లోంచే. నోటితో ఇక తినలేవు, ఉమ్మి కూడా బయటకే ఊయాలి. ఊపిరి ఇలాగే ఉంటుంది. కానీ తమ్ముడు మేలుకునే ఉంటాడు రూతమ్మా. రేపు ఒంట్లో ఎక్కడన్నా ఓ చెడ్డ కణం, కేన్సర్ కణం, పుడితే దాన్నీ కాపాడతాడు. అది ఏడాదికి రావచ్చు, పదేళ్ళకు రావచ్చు. రాకపోవచ్చు కూడా."

"మీరైతే ఏం జేస్తారు?"

"నా ఊపిరితిత్తుల్లో దుమ్ము లేదు. నేను చెప్పలేను."

"ఏసుకో అమ్మే," అన్నాడు యేసోబు. "నువ్వు ఒక్క ముద్ద మింగతంటే చూడాలని ఉండాది నాకు."

"నీకు చూడాలని ఉండాది, సరే." రూతమ్మ కోపంగా అనలేదు. అతని చొక్కా అంచు పట్టుకుని దగ్గరికి లాక్కుని, మంచం మీద కూర్చోబెట్టింది. "నా మాట గూడా విను. ఐదేళ్ళు గోడకి ఆనుకోని కూర్చోనే నిద్రబోయినా నాయనా. నువ్వు ఒంగోల్లో ఉండావు, నీకు తెలవదు. కొంచెం ఒరిగితే చాలు, రొమ్ము మీద రాయి పెట్టినట్టుండేది. ఇస్సాకూ అంతే. ఇద్దరం చెరో గోడకి ఆనుకోని కూర్చోనుండేవాళ్ళం. ఆయన పోయింది గూడా కూర్చోనే. ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టింది పెట్టెలోనే."

యేసోబు తల వంచుకున్నాడు.

"సూది ఏసినాక మూడో నెలలో ఒకరోజు మధ్యాన్నం పక్కకి ఒరిగినా. ఏమీ గాలా. ఇంకొంచెం జారినా. వెల్లకిలా పడుకున్నా మేడం. మా ఇంటి కప్పు ఎట్టుంటదో మర్చిపోయా. రేకుకి రెండు బొక్కలుండాయి, అయి ఎప్పుడు పడ్డాయో తెలవదు. చూస్తా ఉందామనుకున్నా. నిద్రపట్టేసింది." ఆమె నోటి చివర ఊరిన ఉమ్మిని గుడ్డతో తుడుచుకుంది. "తిండిదేముంది. ట్యూబులో పోయండి. నాకా మందొద్దు."

వకుళ దగ్గర ఇంకో మాట ఉంది. ముప్పై తొమ్మిది మంది. ఆ అంకె చెప్తే చాలు. వాళ్ళంతా రూతమ్మతో కలిసి రాళ్ళు చీల్చినవాళ్ళు. చెప్తే ఒప్పుకుంటుంది. కమిటీకి కావలసింది అదే.

ఆ మాట రూతమ్మే తెచ్చింది. "నేనొద్దంటే మిగతావాళ్ళకి ఆగిపోద్దా?"

యేసోబు తలెత్తి వకుళ వంక చూశాడు.

"ఆగదు," అంది వకుళ. "దానికి వేరే దారి నేను చూస్తాను."

"చూస్తారా?"

"చూస్తాను."

"అయితే నేను కాసేపు పడుకుంటా," అంది రూతమ్మ. "ఎక్కువసేపు మాట్లాడినా."

* * *

వకుళ వరండా చివర నిలబడి పద్మనాభానికి ఫోన్ చేసింది.

"ఒప్పుకోలేదు సార్."

"గట్టిగా అడిగారా?"

"లేదు."

అవతల నిట్టూర్పు వినిపించింది. "కమిటీ ఇంకొకరికి ఇవ్వనివ్వదు వకుళా. మీకు తెలుసు."

"నాలుగో నంబరు శీనయ్యకి ఊపిరితిత్తులు సగం పైగా బాగానే ఉన్నాయి. ఈ మందుతో అతనికి తిండీ దక్కుతుంది, పదేళ్ళ ఊపిరీ దక్కుతుంది. బాగుపడే మనిషికి ముందు ఇవ్వాలి సార్. పోయినా ఫరవాలేదనుకున్న మనిషికి ముందిచ్చి చూద్దామనుకోవడం నాకు నచ్చలేదు. గురువారం కమిటీ ముందు నేనే మాట్లాడతాను. నా రెండో వాక్యం కూడా అక్కడే చదువుతాను."

"అది చదివాక మిమ్మల్ని ఆ గదిలో కూర్చోనివ్వరు."

"అందుకే ముందు శీనయ్య సంగతి తేలుస్తాను. తర్వాత చదువుతాను."

"శీనయ్య కాగితాలు నా టేబుల్ మీద పెట్టండి," అని పద్మనాభం ఫోన్ పెట్టేశాడు.

వకుళ వెనక్కి వచ్చేసరికి గది గుమ్మంలో గొడవ జరుగుతోంది. చేతిలో ట్రేతో ఓ నర్సు. గుమ్మానికి అడ్డంగా యేసోబు.

"జరుగు పెద్దాయనా. రేపు పొద్దున ఆపరేషనుంది, ట్యూబుకి. రక్తం తీయాలి."

"ఇప్పుడు కాదమ్మా."

"దీనికి టైముంటదయ్యా."

"ఉంటే ఉండనీ."

ఇరవై రెండేళ్ళుగా తెల్లకోటు వేసుకున్నవాళ్ళు ఎదురొస్తే గోడకి అంటుకుపోయే మనిషి. ఇప్పుడు రెండు చేతులూ గుమ్మానికి చెరోపక్క ఆనించి నిలబడ్డాడు. నర్సు వకుళ వంక చూసింది, ఈయనకి మీరన్నా చెప్పండన్నట్టు.

అతని భుజం మీదుగా వకుళకు మంచం కనిపిస్తోంది. దిండు కింద పడుంది. రూతమ్మ వెల్లకిలా, కాళ్ళు బారజాపుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది. ఛాతీ నిదానంగా లేచి దిగుతోంది.

"గంటాగి రండి," అంది వకుళ నర్సుతో. వరండాలో బల్ల మీద కూర్చుని శీనయ్య ఫైలు విప్పింది.

గంట తర్వాత నర్సు మళ్ళీ వచ్చింది. యేసోబు అక్కడే నిలబడి ఉన్నాడు. రూతమ్మ ఇంకా వెల్లకిలా నిద్రపోతూనే ఉంది.